సరుకు కొన్న పార్టీ డబ్బులివ్వలేదు, జీఎస్టీ మాత్రం నేను కట్టేశాను. వెనక్కి వస్తుందా? (2025 అక్టోబరు నాటి ఫోరం చర్చ. నియమాలు అప్పటివే.)

లేత్_మాస్టర్
బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడ రెండో ఫేజ్‌లో నాకు రెండు సీఎన్‌సీ మెషీన్లు, ఒక పాత లేతు ఉన్నాయి. నిరుడు, అంటే 2024 జూన్, జూలైల్లో బొమ్మసంద్ర వైపు ఒక పంపుల కంపెనీకి షాఫ్టులు, బుష్‌లు చేసిచ్చాను. స్టీలు నాదే. సరుకు విలువ 9,40,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,69,200. మొత్తం 11,09,200. పండగ వెళ్లనీ అన్నాడు, బ్యాంకు లిమిట్ పెరగనీ అన్నాడు, అలా అలా పదహారు నెలలు తిప్పాడు. ఆగస్టు నుంచి షెడ్డుకు తాళం. ఫోన్ ఎత్తడు.

సరే, డబ్బు పోయిందంటే నా ఖర్మ. నాకు మింగుడు పడనిది వేరే ఉంది. ఆ 1,69,200 వాడి దగ్గర ఒక్క రూపాయి వసూలు కాకుండానే నేను ప్రభుత్వానికి కట్టేశాను. కొంత స్టీలు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి వచ్చిన ఇన్‌పుట్ క్రెడిట్‌తో, మిగతాది బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ (ఓడీ) లోంచి తీసి. నిన్న మా సీఏను అడిగితే "అది రాదు, మర్చిపోండి" అన్నాడు. రాని డబ్బు మీద పన్నేంటి? దీనికి క్రెడిట్ అంటూ ఏమీ లేదా?

సిల్క్‌బోర్డ్_బాధితుడు
మీ సీఏ ఫీజు తీసుకుని "మర్చిపోండి" అన్నాడా? ఆ సలహా మా ఆవిడ ఉచితంగా ఇస్తుంది.

హిందూపురం_అల్లుడు
క్రెడిట్ నోట్ (పాత బిల్లును తగ్గించే కాగితం) కొట్టెయ్ అన్నా. 11 లక్షలకీ ఒకటే నోటు. వచ్చే నెల రిటర్నులో 1,69,200 తగ్గిపోతుంది. మా బావ ఇలాగే చేశాడు.

ఆడిట్_అక్క
అల్లుడు గారూ, మీ బావ చిరునామా మాత్రం ఇక్కడ పెట్టకండి.

క్రెడిట్ నోట్ ఎప్పుడు రాయొచ్చో జీఎస్టీ చట్టం సెక్షన్ 34లో ఉంది. బిల్లులో ధర గానీ పన్ను గానీ ఎక్కువ పడినప్పుడు, సరుకు వెనక్కి వచ్చినప్పుడు, సరుకు నాసిగానో తక్కువగానో ఉన్నప్పుడు. "డబ్బు ఇవ్వలేదు" అనేది ఆ జాబితాలో లేదు. మన జీఎస్టీలో మొండి బాకీకి ఊరట లేదు. పన్ను పుట్టేది సరుకు గేటు దాటి బిల్లు అయినప్పుడు, డబ్బు చేతికి వచ్చినప్పుడు కాదు. కాబట్టి మీ సీఏ చెప్పింది కటువుగా ఉన్నా తప్పు కాదు.

లేత్_మాస్టర్
మరి వాడు నా బిల్లు చూపించి 1,69,200 ఇన్‌పుట్ తీసుకుని ఉంటాడు కదా. నాకు పైసా ఇవ్వకుండా, నేను కట్టిన పన్నును వాడు వాడుకున్నట్టేగా?

ఆడిట్_అక్క
తీసుకునే ఉంటాడు. కానీ ఉంచుకోకూడదు. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో మీకు డబ్బు ఇవ్వకపోతే, ఆ క్రెడిట్‌ను వడ్డీతో సహా తిరిగి కట్టాలి. రూల్ 37 అదే. తర్వాత మీకు ఇచ్చినరోజున మళ్ళీ తీసుకోవచ్చు.

లేత్_మాస్టర్
ఆగండి. నేను కట్టింది నాకు తిరిగి రాదు. వాడు తీసుకున్నది వాడి దగ్గర వెనక్కి లాక్కుంటారు. అంటే ఒకే షాఫ్టు మీద ప్రభుత్వానికి రెండుసార్లు ముట్టినట్టా?

ఆడిట్_అక్క
కాగితం మీద అంతే.

చిక్‌పేట_చీరలు
దీన్నే మా ఊళ్ళో పెళ్ళికి ముందే కట్నం, పెళ్ళి ఆగాక కూడా కట్నం అంటారు.

ఫారం67
ప్రభుత్వం వైపు నుంచి కూడా ఒక మాట చెప్పనివ్వండి, కొట్టొద్దు. డబ్బు రాలేదని ఎవరు చెబితే వాళ్ళకి పన్ను తిరిగిస్తే, అమ్మినవాడూ కొన్నవాడూ కూడబలుక్కుని "బాకీ రాలేదు" అని రాసుకుంటారు. డబ్బు నగదుగా మారుతుంది, పన్ను మాయమవుతుంది. దొంగ బిల్లుల గొడవ ఇప్పటికే చాలా ఉంది కదా.

హిందూపురం_అల్లుడు
దొంగలు ఉన్నారని ఊరందరి ఇళ్ళకీ తాళాలు వేస్తారా?

కావేరి_నీళ్ళు
మా అన్నయ్యకు ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో చిన్న ప్యాకేజింగ్ వ్యాపారం ఉంది. అక్కడ వ్యాట్‌లో మొండి బాకీ ఊరట అని ఉంది. గడువు దాటి 6 నెలలైనా డబ్బు రాకపోతే, పుస్తకాల్లో బాకీని కొట్టేసి, కట్టిన వ్యాట్ తిరిగి తీసుకోవచ్చు. వాళ్ళకి దొంగలు లేరా ఫారం67 గారూ? కొన్నవాడి 180 రోజుల లెక్క రాసే పోర్టలే అమ్మినవాడి లెక్క కూడా రాయగలదు.

ఫారం67
దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నా.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
ఫోరంలో ఒకరు ఒప్పుకున్నారు! స్క్రీన్‌షాట్ తీశా.

ఆడిట్_అక్క
లేత్ మాస్టర్ గారూ, ఇంకో దారి. మీకు ఉద్యం నంబరు, అంటే చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్, ఉందా? బిల్లు వేసే నాటికే ఉందా?

లేత్_మాస్టర్
ఉంది. 2021 నుంచీ ఉంది. సూక్ష్మ పరిశ్రమ.

ఆడిట్_అక్క
అయితే ఎంఎస్‌ఎంఈ, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం కింద ఉన్న కౌన్సిల్‌కి ఫిర్యాదు వేయొచ్చు. ఆ చట్టం ప్రకారం 45 రోజులు దాటితే, ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. కౌన్సిల్ మీకు అనుకూలంగా తీర్పిస్తే, దాని మీద కోర్టుకు వెళ్ళాలనుకున్నవాడు ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. గట్టి ఆయుధమే. కానీ తాళం వేసి పోయినవాడి మీద ఆయుధం ఏం చేస్తుంది? చట్టంలో 90 రోజుల్లో తేల్చాలని ఉంది. నా క్లయింట్లలో ఎవరికీ 90 రోజుల్లో తేలలేదు.

చిక్‌పేట_చీరలు
అక్కా, ఈ 45 రోజులు మాకూ వర్తిస్తుందా? సేలం, ధర్మవరం నుంచి చీరలు తెచ్చి ఇక్కడి షాపులకు అరువు మీద వేస్తాను. నాకూ ఉద్యం ఉంది.

ఆడిట్_అక్క
లేదండీ. వ్యాపారులకి ఉద్యం ఇచ్చింది బ్యాంకులు ప్రాధాన్య రంగం కింద అప్పు ఇవ్వడానికే. ఆలస్యపు చెల్లింపుల రక్షణ తయారు చేసేవాళ్ళకీ, సేవలు ఇచ్చేవాళ్ళకీ మాత్రమే. ఆదాయపన్నులో 43బీ(హెచ్) కూడా అంతే. గడువులోగా చిన్నవాళ్ళ డబ్బు ఇవ్వకపోతే కొన్నవాడికి ఆ ఏడాది ఖర్చు ఒప్పుకోరు అన్న నియమం అది. దాంట్లోనూ మీరు లేరు.

చిక్‌పేట_చీరలు
సర్టిఫికెట్ మాత్రం ఫ్రేము కట్టించి గల్లాపెట్టె మీద పెట్టుకున్నా. దేవుడి పటం పక్కన.

రాయల్‌సీమ_రుచులు
మాస్టర్ అన్నా, జీఎస్టీ సంగతి సరే. మిగతా బాకీ ఆదాయపన్నులో నష్టంగా చూపించొచ్చు కదా? నా క్యాటరింగ్‌లో ఒక స్టార్టప్ వాళ్ళు నాలుగు నెలల భోజనాలకి ఎగనామం పెట్టారు. వాళ్ళ ఆఫీసు ఇప్పుడు జిమ్. మా సీఏ "కోర్టులో కేసు వేశారా, నోటీసు ఇచ్చారా, రుజువులేవి" అని తిప్పుతున్నాడు.

ఆడిట్_అక్క
మీ సీఏ 1989కి ముందు కాలంలో ఉన్నాడు. అప్పట్లో బాకీ నిజంగా చెడిపోయిందని మనమే నిరూపించాలి. 1989 ఏప్రిల్ 1 నుంచి సెక్షన్ 36(1)(vii) మారింది. పుస్తకాల్లో కొట్టేస్తే చాలు. 2010లో టీఆర్ఎఫ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. అదే ఏడాది విజయా బ్యాంకు కేసు కూడా వచ్చింది, మన బెంగళూరు బ్యాంకే, 2019లో బ్యాంక్ ఆఫ్ బరోడాలో కలిసిపోయింది. ఒక్కో బాకీదారు ఖాతాను మూసేయనక్కర్లేదు, లాభనష్టాల ఖాతాలో ఖర్చు రాసి, బ్యాలెన్స్ షీటులో బాకీల మొత్తంలోంచి తగ్గిస్తే సరిపోతుందని చెప్పారు.

రెండు షరతులు. ఆ మొత్తం ఇంతకు ముందు మీ అమ్మకంగా లెక్కలోకి వచ్చి ఉండాలి. ఇక ఊరికే "రాకపోవచ్చు" అని పక్కన పెట్టే ప్రొవిజన్‌ను ఒప్పుకోరు, నిజంగా కొట్టేయాలి. రేపు డబ్బు వస్తే ఆ ఏడాది ఆదాయంగా చూపించాలి, అంతే.

హిందూపురం_అల్లుడు
అమ్మకంగా రావాలంటే మరి నేను మా బావమరిదికి చేబదులుగా ఇచ్చిన 3 లక్షలు? ఆరేళ్ళయింది. కొట్టేయొచ్చా?

ఆడిట్_అక్క
మీరు వడ్డీ వ్యాపారి కాకపోతే లేదు.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
బావ క్రెడిట్ నోట్ కొడతాడు, బావమరిది టోపీ పెడతాడు. మీ అత్తారింట్లో ఇంకెవరెవరున్నారు?

లేత్_మాస్టర్
అక్కా, నా లెక్క చూడండి. ప్రొప్రైటర్‌ని. ఈ ఏడాది లాభం సుమారు 14 లక్షలు వస్తుంది, ఈ బాకీ తీసేయక ముందు. కొట్టేస్తే 9.40 కొట్టాలా, 11.09 కొట్టాలా?

ఆడిట్_అక్క
9.40కి ఏ గొడవా లేదు. జీఎస్టీ ముక్క మీద వాదన ఉంది. ఆదాయపన్నులో అమ్మకాన్ని పన్నుతో కలిపి చూడాలని 145ఏ చెబుతుంది కాబట్టి మొత్తం కొట్టేస్తాం అనేవాళ్ళం ఉన్నాం. అది మీ ఆదాయంలోకే రాలేదు కదా అనే అధికారులూ ఉన్నారు. నేనైతే కొట్టేస్తాను, నోటీసు వస్తే వాదిస్తాను.

ఫారం67
ఒక్క నిమిషం. కొట్టేసేముందు స్లాబులు చూసుకోండి మాస్టర్. 2025-26లో కొత్త విధానంలో 14 లక్షలకి పన్ను: 4 నుంచి 8 దాకా 20,000, 8 నుంచి 12 దాకా 40,000, పై 2 లక్షలకి 15 శాతం చొప్పున 30,000. మొత్తం 90,000, సెస్సుతో 93,600.

ఇప్పుడు 2 లక్షలు మాత్రమే కొట్టేశారనుకోండి. ఆదాయం 12 లక్షలు. 12 లక్షల దాకా ఆదాయానికిచ్చే 87ఏ రిబేటు 60,000 వస్తుంది, పన్ను సున్నా. 9.40 లక్షలు కొట్టేసినా పన్ను సున్నానే. అంటే తర్వాతి 7.40 లక్షల నష్టం ఒక్క రూపాయి పన్ను కూడా తగ్గించదు. నీళ్ళలో పోసినట్టు.

లేత్_మాస్టర్
ఓరి దేవుడా. ఇది మా సీఏ చెప్పలేదు.

కావేరి_నీళ్ళు
మరి ఈ ఏడాది 2, వచ్చే ఏడాది 2 అలా విడగొట్టుకోవచ్చా?

ఫారం67
చట్టంలో మాట "మొండి బాకీ లేదా అందులో కొంత భాగం" అనే ఉంది. భాగం కొట్టేయొచ్చు.

ఆడిట్_అక్క
చట్టం ఒప్పుకుంటుంది. నేను మాత్రం ఒప్పుకోను. షెడ్డుకి తాళం, మనిషి పరారీ. 9.40లో 2 లక్షలే పోయాయి, మిగతా 7.40 వస్తుందని మీ పుస్తకంలో రాస్తే, ఆ పుస్తకం చూసి ఓడీ ఇచ్చే బ్యాంకుకి అబద్ధం చెప్పినట్టు కాదా?

ఫారం67
బ్యాంకు 90 రోజులు దాటిన బాకీలను డ్రాయింగ్ పవర్‌లో, అంటే ఓడీలో ఎంత తీసుకోవచ్చో లెక్కేసేటప్పుడు, ఎలాగూ లెక్కపెట్టదు అక్కా. స్టాకు స్టేట్‌మెంట్‌లో అవి ఎప్పుడో తీసేసి ఉంటారు. ఎవరు మోసపోయారు?

ఆడిట్_అక్క
ఎవరూ మోసపోకపోతే అది నిజమైపోతుందా?

చిక్‌పేట_చీరలు
నేను ఫారం67 పక్షం. బాకీ ఏ రోజు చచ్చిందో ఎవరికి తెలుసు? డాక్టరు సర్టిఫికెట్ ఇస్తాడా? నాకు 2016లో నోట్ల రద్దు తర్వాత మాయమైన ఒక షాపు ఓనరు 2022లో పెళ్ళి పత్రికతో వచ్చి సగం డబ్బు ఇచ్చాడు.

స్టేజ్2_సుబ్బు
ఈ "బాకీ ఎప్పుడు చచ్చింది" అన్న ప్రశ్న మీదే నా జీతం నడుస్తోంది, కాబట్టి వచ్చాను. మాన్యతా టెక్ పార్కులో ఒక అమెరికన్ బ్యాంకుకు పనిచేసే టీమ్‌లో ఉన్నా. పని పేరు క్రెడిట్ లాస్ మోడలింగ్.

2008 దాకా దాదాపు ప్రపంచమంతా ఒకటే పద్ధతి. నష్టం జరిగిందన్న సాక్ష్యం కనబడేదాకా పుస్తకంలో రాయకూడదు. ఆ ఏడాది సంక్షోభంలో బ్యాంకులు కూలేదాకా పుస్తకాలు చల్లగా ఉన్నాయి. మరీ తక్కువ, మరీ ఆలస్యం అని అందరూ తిట్టారు. దాంతో అప్పు ఇచ్చిన రోజే ఎంత పోవచ్చో అంచనా వేసి రాయమన్నారు. దాన్నే ఎక్స్‌పెక్టెడ్ క్రెడిట్ లాస్, మా భాషలో ఈసీఎల్ అంటారు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 9, 2018 నుంచి అమల్లో ఉంది. మన దేశంలో అదే ఇండ్ ఏఎస్ 109, పెద్ద కంపెనీలకి 2016 నుంచే ఉంది.

ఇందులో మూడు స్టేజీలు. మామూలుగా కడుతున్న అప్పుకి వచ్చే 12 నెలల్లో జరగగల ఎగవేత వల్ల పోయేదాన్ని లెక్క కట్టాలి. రిస్కు బాగా పెరిగితే, సాధారణంగా 30 రోజులు దాటితే, అప్పు జీవితకాలం మొత్తానికీ. అది రెండో స్టేజీ, నా హ్యాండిల్. 90 రోజులు దాటితే మూడోది. అమెరికా వాళ్ళ పద్ధతి సీఈసీఎల్‌లో ఈ మెట్లు లేవు. మొదటి రోజే జీవితకాలం నష్టం రాసెయ్యాలి.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
నాకు అర్థమైంది చెబుతా. సిల్క్ బోర్డు జంక్షన్‌లో ఇరుక్కుంటామని తెలిసి గంట ముందే బయల్దేరడం ఈసీఎల్. ఇరుక్కున్నాక ఇంటికి ఫోన్ చేసి "అన్నం పెట్టుకుని తినేయండి" అనడం పాత పద్ధతి.

స్టేజ్2_సుబ్బు
ఇది మా ట్రైనింగ్‌లో వాడుకోవచ్చా?

హిందూపురం_అల్లుడు
అదంతా జ్యోతిష్యం లెండి. 2020 మార్చిలో మీ మోడల్ కోవిడ్‌ని చూసిందా?

స్టేజ్2_సుబ్బు
చూడలేదు. అమెరికా పెద్ద బ్యాంకులు సీఈసీఎల్‌లోకి మారింది 2020 జనవరిలో. మూడు నెలలకే లాక్‌డౌన్. మోడల్‌లో నిరుద్యోగం అంకె మార్చగానే ప్రొవిజన్ ఆకాశానికి లేచింది. మార్పును వాయిదా వేసుకోవచ్చని అమెరికా కాంగ్రెసే చట్టం చేయాల్సి వచ్చింది. ఆ వారం మా టీమ్‌లో ఎవరం నిద్రపోలేదు. కానీ జ్యోతిష్యుడు తప్పు చెబితే మళ్ళీ దక్షిణ ఇస్తాం. మేము తప్పు చెబితే ఆడిటర్ వచ్చి కూర్చుంటాడు.

చిక్‌పేట_చీరలు
మా నాన్నకి ఇంగ్లీషు రాదు. ప్రతి దీపావళికీ ఎర్ర అట్ట పుస్తకం మార్చేటప్పుడు పేర్లన్నీ చూసేవాడు. సమయానికి ఇచ్చేవాళ్ళకి ఏమీ లేదు. రెండు పండగలు దాటించినవాళ్ళ పేరు పక్కన చుక్క. మూడు దాటితే వేరే పుస్తకం, దాని పేరు "శ్రీరామ". పదిమందికి అరువిస్తే ఒకడు ముంచుతాడని, ఆ ఒక్కడి చీర ఖరీదు తొమ్మిదిమంది చీరల్లో వేసేవాడు. ఇదేనా మీ మూడు స్టేజీలు?

స్టేజ్2_సుబ్బు
అక్షరాలా ఇదే. మేము దీనికి పైథాన్ వాడతాం.

నిజానికి వ్యాపార బాకీలకి మూడు స్టేజీలు కూడా అక్కర్లేదు. పట్టిక చాలు. ఉదాహరణకి గడువు దాటని బిల్లులకి అర శాతం, 30 రోజుల లోపు 2, 90 లోపు 8, 180 లోపు 25, ఆ పైన 60 అని మీ పాత అనుభవాన్ని బట్టి పెట్టుకుంటారు. అంకెలు ఊరికే చెప్పాను, ఎవరి అనుభవం వారిది. మాస్టర్ ఇలా పెట్టుకుని ఉంటే నిరుటి డిసెంబరుకే ఈ పార్టీ 25 శాతంలో ఉండేవాడు. కొత్త ఆర్డరు ఆపేసేవారు.

లేత్_మాస్టర్
డిసెంబరులో వాడికి ఇంకో ఆర్డరు ఇచ్చే ఆలోచనలోనే ఉన్నాను సార్. స్టీలు దొరక్క ఆగింది. స్టీలు వాడికి దండం పెట్టాలి.

కావేరి_నీళ్ళు
మొన్న ఆర్‌బీఐ బ్యాంకులకి కూడా ఈసీఎల్ అంది కదా, పేపర్లో చూశా.

స్టేజ్2_సుబ్బు
అవును, 2025 అక్టోబరు 7న ముసాయిదా ఇచ్చారు. 2027 ఏప్రిల్ 1 నుంచి అని ప్రతిపాదన. పెద్ద ఎన్‌బీఎఫ్‌సీలు, అంటే బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు, 2018 నుంచే చేస్తున్నాయి.

రాయల్‌సీమ_రుచులు
అయితే ఇంత అంచనా వేసి రాసిన నష్టాన్ని ఆదాయపన్ను వాళ్ళు ఒప్పుకోరా?

ఆడిట్_అక్క
ఒప్పుకోరు, పైన చెప్పాను కదా. కంపెనీల పుస్తకంలో నష్టం ఈ ఏడాది, పన్ను లెక్కలో కొట్టేసిన ఏడాది. మధ్యలో తేడాను డిఫర్డ్ ట్యాక్స్ అని మోసుకుంటూ తిరుగుతారు. ఇక జీఎస్టీ లెక్కలో అసలు నష్టమే జరగలేదు. మాస్టర్ గారి షాఫ్టులకి మూడు పుస్తకాల్లో మూడు జాతకాలు.

న్యూజెర్సీ_రిటర్న్
క్రెడిట్ మాట వచ్చింది కాబట్టి కుటుంబాల సంగతి. మన 87ఏ రిబేటు, మీరు కట్టాల్సిన పన్ను ఉంటేనే తగ్గుతుంది. పన్ను లేకపోతే చేతికి ఏమీ రాదు. అమెరికాలో పిల్లల క్రెడిట్‌లో కొంత, పన్ను లేకపోయినా చేతికే ఇస్తారు. 2021లో అయితే జూలై నుంచి డిసెంబరు దాకా నెలనెలా బ్యాంకులో వేశారు. మా చిన్నదానికి నెలకి 300 డాలర్లు.

రాయల్‌సీమ_రుచులు
చిన్నదానికేనా? మీకు ఇద్దరు కదా.

న్యూజెర్సీ_రిటర్న్
అక్కడే ఉంది తమాషా. పెద్దాడు కర్నూలులో పుట్టాడు, హెచ్4 వీసా మీద వచ్చాడు, సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు. చిన్నది అక్కడే పుట్టింది. మామూలు ఏడాదుల్లో చిన్నదానికి 2,000 డాలర్లు, పెద్దాడికి వేరే ఆధారితుల కింద 500. ఒకే కంచంలో తినే పిల్లలకి రెండు రేట్లు. ఇప్పుడు చిన్నదాని లెక్క 2,200 అయింది, మేము మాత్రం వచ్చేశాం. వాడు ఇప్పటికీ "నేను 500 రకం" అని చెల్లెల్ని ఏడిపిస్తాడు.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
మన దగ్గర పిల్లల చదువు అలవెన్సు మినహాయింపు 2025-26లో నెలకి ఎంతో తెలుసా? పాత విధానంలో బిడ్డకి 100 రూపాయలు. ఇద్దరి దాకా. వందకి మా స్కూల్లో డైరీ అట్ట వస్తుంది, లోపల కాగితాలు విడిగా కొనాలి.

మారతహళ్ళి_మామ
మా వాడు మాంచెస్టర్‌లో చదువుతున్నాడు. నిరుడు ఫీజుకి సొంత డబ్బు 18 లక్షలు పంపితే బ్యాంకు 55,000 టీసీఎస్ పట్టింది. అది పోయినట్టేనా? మా తోడల్లుడు "అది ట్యాక్స్, రాదు" అంటున్నాడు.

ఫారం67
మీ తోడల్లుడు లేత్ మాస్టర్ సీఏ దగ్గరే చదివాడా? టీసీఎస్ మీ పాన్ మీద జమ అయిన ముందస్తు పన్ను. పన్ను శాఖ దగ్గరుండే మీ ఖాతా స్టేట్‌మెంట్ 26ఏఎస్‌లో కనబడుతుంది. రిటర్నులో క్రెడిట్ తీసుకోవాలి, ఎక్కువైతే రిఫండ్. లెక్క కూడా సరిగ్గానే ఉంది, నిరుడు 7 లక్షలు దాటిన 11 లక్షల మీద 5 శాతం. 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు 10 లక్షలు. ఇంకో సంగతి, మీది జీతమైతే 12బీఏఏ ఫారం ఆఫీసులో ఇస్తే ఈ టీసీఎస్ చూసి మీ టీడీఎస్ తగ్గిస్తారు. ఏడాది ఆగక్కర్లేదు.

మారతహళ్ళి_మామ
తోడల్లుడికి ఈ లింకు పంపుతున్నా. ఇంతకీ మీకు ఈ ఫారం పేరెందుకు?

ఫారం67
గాయం అది. అమెరికా షేర్ల డివిడెండు మీద అక్కడ 25 శాతం కోసుకున్నారు. ఇక్కడ క్రెడిట్ కావాలంటే ఫారం 67 వేయాలని తెలియక రిటర్ను మాత్రం వేశా. క్రెడిట్ మొత్తం కొట్టేసి నోటీసు ఇచ్చారు. ఆలస్యమైనంత మాత్రాన హక్కు పోదని మన బెంగళూరు ట్రిబ్యునల్ 2021లో ఒక కేసులో చెప్పింది, దాన్ని పట్టుకుని గట్టెక్కా. 2022లో ఆ అసెస్‌మెంట్ ఇయర్ చివరిదాకా వేయొచ్చని మార్చారు. రెండేళ్ళు తిరిగినందుకు పేరైనా పెట్టుకున్నా.

ఆడిట్_అక్క
లేత్ మాస్టర్ గారూ, ఒక ప్రశ్న ఇందాకటి నుంచీ బుర్రలో తిరుగుతోంది. మీ సరుకు వాడు పూర్తిగా వాడేశాడా?

లేత్_మాస్టర్
లేదనుకుంటా. ఏప్రిల్‌లో వెళ్ళినప్పుడు పెద్ద సైజు షాఫ్టులు పెట్టెల్లోనే ఉన్నాయి. నా సీలు కూడా తీయలేదు.

ఆడిట్_అక్క
అయితే వెంటనే కదలండి. సరుకు వెనక్కి వస్తే క్రెడిట్ నోట్ న్యాయంగా రాయొచ్చు. మీ బిల్లులు 2024-25వి. వాటి క్రెడిట్ నోట్ నవంబరు 30 లోపు వేసే రిటర్నులో కనబడాలి. అంటే అక్టోబరు నెల రిటర్ను ఆఖరిది. నోటు ఈ నెలలోనే రాయాలి. వాడు ఆ ఇన్‌పుట్ తిప్పికట్టి ఉండాలి, ఆ షరతు ఇప్పుడు గట్టిగా ఉంది. 180 రోజుల కింద ఎలాగూ కట్టాల్సిందే అని గుర్తు చేయండి.

స్టేజ్2_సుబ్బు
తాళం పగలగొట్టొద్దు. ఆ స్టాకు వాళ్ళ బ్యాంకుకి తాకట్టులో ఉండొచ్చు. ఓనరు నుంచి సరుకు వాపసు ఇస్తున్నట్టు ఉత్తరం, బిల్లు నంబర్లతో, సంతకంతో తీసుకోండి. బ్యాంకు స్వాధీనం చేసుకుంటే ఆ తర్వాత మీ చేతిలో ఏమీ ఉండదు.

హిందూపురం_అల్లుడు
ఓనరు ఫోన్ ఎత్తడంటున్నాడుగా.

చిక్‌పేట_చీరలు
దీపావళి పూజకి షెడ్డు తెరవకుండా ఉంటాడా? మెషీన్లకి కుంకుమ పెట్టడానికైనా వస్తాడు. పొద్దున్నే వెళ్ళి గేటు దగ్గర నిలబడండి. మా నాన్న "శ్రీరామ" పుస్తకం వసూళ్ళన్నీ పండగ రోజే. పండగపూట ఇంటికొచ్చినవాణ్ణి లేదని పంపడానికి మనిషికి మొహం చెల్లదు.

లేత్_మాస్టర్
వెళ్తా.

లేత్_మాస్టర్
అప్‌డేట్. చీరలన్న చెప్పినట్టే దీపావళి పొద్దున ఆరింటికి గేటు దగ్గర కూర్చున్నా. ఏడున్నరకి ఓనరు, వాళ్ళావిడ, పూల బుట్టతో వచ్చారు. నన్ను చూసి మొహం పాలిపోయింది. నేనేం అరవలేదు. వాళ్ళావిడే "అన్నా, కాఫీ తాగుతారా" అంది. తాగాను. సరుకు ఉంది. పెద్ద షాఫ్టులు అన్నీ ఉన్నాయి, బుష్‌లు వాడేశాడు.

ఉత్తరం రాసిచ్చాడు. వాళ్ళ అకౌంటెంటు ఇన్‌పుట్ ఎప్పుడో తిప్పికట్టాడట, కాగితం చూపించాడు. చలానా రాయించి మర్నాడు టాటా 407లో పీణ్యకి తెచ్చాం. బిల్లు ధరకి 3,80,000 సరుకు. 29న క్రెడిట్ నోట్ రాశా. 68,400 జీఎస్టీ తగ్గుతుంది.

ఆడిట్_అక్క
శభాష్. మిగిలింది 5,60,000, పైన 1,00,800. అదెప్పుడు కొట్టేస్తారో మార్చిలో పోట్లాడుకుందాం.

ఫారం67
2 లక్షలు చాలు అక్కా.

ఆడిట్_అక్క
మార్చిలో అన్నాను.

రాయల్‌సీమ_రుచులు
ఆ షాఫ్టులు ఏం చేస్తావన్నా?

లేత్_మాస్టర్
తుమకూరు రోడ్డు మీద ఇంకో పంపుల కంపెనీ అదే సైజు అడిగింది. ఈసారి సగం అడ్వాన్సు తీసుకున్నాకే లోడింగ్. ఇంతకీ అక్కా, ఆ అడ్వాన్సు మీద ముందే జీఎస్టీ కట్టాలా?

ఆడిట్_అక్క
సరుకు అడ్వాన్సు మీద అక్కర్లేదు, 2017 నవంబరు 15 నుంచి తీసేశారు. సర్వీసుకైతే కట్టాలి.

రాయల్‌సీమ_రుచులు
అయ్యో, క్యాటరింగ్ సర్వీసే కదా?